ఆ ముప్పై ఒక్క వేసవులు ఎవరివి?

"ఐదుగురు ప్రొఫెసర్ల ముందు నిలబెట్టి అడిగారే! నాలుక కరుచుకుంది గానీ మామగారి పేరు ఎత్తలేదు. కోడలంటే అదీ!"

పొద్దుటి నుంచి బురుల్ ఫోన్లో ఈ మాట చెప్పడం ఇది మూడోసారి. మొదట చెల్లెలికి చెప్పింది. తర్వాత తోక్‌మోక్‌లో ఉన్న వియ్యపురాలికి. ఇప్పుడు మూడో అంతస్తు పొరుగావిడకి.

చోల్పొన్ పొయ్యి దగ్గర నిలబడి టీలో పాలు పోస్తోంది. అత్తగారి మాట మూడుసార్లూ విన్నది. మూడుసార్లూ వెనక్కి తిరగలేదు.

శుక్రవారం. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై. మధ్యాహ్నం రెండింటికి ఆమె మళ్లీ ఆ ఐదుగురి ముందు నిలబడాలి.

ఎర్మెక్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఫోన్ పెట్టెయ్. బిష్కెక్ అంతా చాటింపు వెయ్యడానికి ఇదేమన్నా పెళ్లా? దాని పరీక్ష పోయింది."

"పోలేదు, ఆపారు."

"ఆపితే ఏంటి, పోతే ఏంటి? ఇవాళ చెప్పకపోతే పోయినట్టే. ఆ పరీక్షల మండలి గడువు నెలాఖరుతో సరి. కొత్త మండలిని ఎప్పుడు వేస్తారో దేవుడికెరుక. ఆరేళ్ల పని అటకెక్కుతుంది."

"ఆరేళ్ల పని కన్నా ఆరు తరాల మర్యాద పెద్దది నాయనా."

"మర్యాదకి డిగ్రీ ఇస్తారా?"

"నీ పెళ్లానికి ఊరంతా ఇచ్చారుగా! మూడో అంతస్తు ఆవిడ ఏమందో తెలుసా? 'మా కోడలైతే పేరుతో పాటు తిట్టు కూడా కలిపి చెప్పేది' అంది."

ఎర్మెక్ నవ్వాడు. వెంటనే భార్య వీపు చూసి నవ్వు ఆపేశాడు.

పరీక్ష చిన్నదే. పరిశోధన చేసే ప్రతి ఒక్కరూ పట్టా కోసం తన పరిశోధనని సమర్థించుకునే ముందు ఒకసారి నిలబడి తన పని గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి. ఎవరి దగ్గర చేస్తున్నారు, ఏం కొలిచారు, ఏం తేలింది. దానికోసం ఇన్‌స్టిట్యూట్‌లో చేతులు మారుతూ వస్తున్న పాఠం ఒకటి ఉంది. రెండు పేజీలు. పాతవాళ్లు కొత్తవాళ్లకి ఇస్తారు. గురువు పేరు, పని పేరు మార్చుకుని బట్టీ పడతారు. భౌతికశాస్త్రం వాడిదీ అదే పాఠం, గొర్రెల జబ్బుల మీద పని చేసేవాడిదీ అదే. మండలివాళ్లు తలలూపి సంతకం పెడతారు.

చోల్పొన్ ఆ పాఠం తీసుకోలేదు. మంగళవారం నాడు తన మాటల్లోనే పదిహేడు నిమిషాలు మాట్లాడింది. కోక్-తోర్ హిమానీనదంలో వేసవి మొదట్లో మంచులోకి కర్రలు దించుతారనీ, వేసవి చివర కర్ర ఎంత పైకి తేలిందో కొలిస్తే మంచు ఎంత కరిగిందో తెలుస్తుందనీ చెప్పింది. మంచు మీద రాళ్లు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ ఎక్కువ కరుగుతోందనీ, ఎక్కడ మందంగా ఉంటే అక్కడ తక్కువనీ చెప్పింది.

'రాయి' అనే మాట ఆమె ఇంట్లో అనదు. కిర్గిజ్ భాషలో ఆ మాట మామగారి పేరులో ఉంది; అత్తింటి పెద్దల పేర్లు కోడలు నోట పలకకూడదు. ఆరేళ్లుగా ఆ మాట రావలసిన చోట 'గట్టిది' అంటుంది. ఇంగ్లీషులో ఆ ఇబ్బంది లేదు. పదిహేడు నిమిషాల్లో నలభైసార్లు అన్నది.

అప్పుడు మండలి అధ్యక్షురాలు రోజా పెత్రోవ్నా చోయ్ కళ్లద్దాలు తీసి అడిగింది: "మీ కొలతలు ఐదేళ్లవి. అంతకు ముందు ముప్పై ఒక్క వేసవుల కొలతలు ఎవరివి?"

"మా ఆయన నాన్నగారివి."

"పేరు?"

చోల్పొన్ నోరు తెరిచింది. గోడ మీద గడియారం వినపడింది. ఒకటిన్నర నిమిషం తర్వాత రోజా పెత్రోవ్నా కలం మూత పెట్టి, "శుక్రవారం రెండింటికి రండి" అన్నది.

ఇది జరిగి మూడు రోజులు.

టీ కప్పులు బల్ల మీద పెట్టి చోల్పొన్ అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, ఒక మాట చెప్తాను. కోప్పడకండి."

"చెప్పు తల్లీ. ఇవాళ నువ్వేమన్నా కోపం రాదు నాకు."

"నేను మర్యాద కోసం ఊరుకోలేదు. చెప్దామనే నోరు తెరిచాను, మాట రాలేదు. మీరు ఊరంతా చెప్పుకుంటున్నది వేరు, అక్కడ జరిగింది వేరు."

బురుల్ రొట్టె తుంచడం ఆపింది.

"అంటే చెప్దామనుకున్నావా?"

"అనుకున్నాను."

"పది మందిలో? ఆ పేరు?"

"ఆయన పని గురించే కదా అత్తయ్యా పదిహేడు నిమిషాలు మాట్లాడాను! పని చెప్పి, పనిచేసినవాణ్ని చెప్పకపోతే ఏమంటారు?"

"కోడలంటారు." బురుల్ లేచింది. "నేను ఈ ఇంటికొచ్చి నలభై నాలుగేళ్లు. మా అత్తగారు నన్ను కోడలిగా చేసుకుని నా తలకి తెల్లగుడ్డ కట్టిన రోజున చెప్పిన మాట ఇది. ఒక్కసారి కూడా తప్పలేదు నేను. నీకు గుడ్డ కట్టింది నేను."

ఎర్మెక్ కల్పించుకున్నాడు. "ఇంగ్లీషులో చెప్తే తప్పేముందమ్మా? అక్కడ మనవాళ్లెవరూ ఉండరు."

"పేరు ఇంగ్లీషులోకి మారుతుందా? నీ పేరు మారుతుందా? చిన్నప్పుడు నిన్ను పిలిస్తే కుక్కపిల్ల కూడా వచ్చేది. ఇంగ్లీషులో పిలిస్తే రాదా?"

ఎర్మెక్ కోటు తీసుకుని పనికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి భార్యతో, "ఒంటిగంటకి వస్తాను. నువ్వు తేల్చుకో" అన్నాడు.

"తేల్చుకోవలసింది నేనొక్కదాన్నేనా?" అంది చోల్పొన్. అతనికి వినపడిందో లేదో.

పక్కనే వసారాలో మామగారున్నారు. తలుపు ఓరగా తీసి ఉంది. చిన్న చాకుతో పెన్సిల్ చెక్కుతున్నారు. కోక్-తోర్ మంచు కొలతల స్టేషన్ వదిలి ఎనిమిదేళ్లయినా రోజుకో పెన్సిల్ చెక్కడం ఆయనకి అలవాటు. మూడు వేల నాలుగు వందల మీటర్ల ఎత్తులో సిరా గడ్డకడుతుంది. అక్కడ అన్నీ పెన్సిల్‌తోనే రాయాలి.

మంగళవారం సాయంత్రం బురుల్ ఆయనకీ చెప్పింది, గొప్పగా. ఆయన విని, "ఊఁ" అన్నారు. మూడు రోజులుగా ఆ ఊఁ తప్ప ఇంకో మాట లేదు.

పదిన్నరకి ఫోన్ మోగింది. బురుల్ పరుగున వెళ్లి ఎత్తింది. ఇంకెవరో మెచ్చుకోవడానికి చేశారనుకుంది.

"రోజా పెత్రోవ్నా చోయ్ మాట్లాడుతున్నాను. చోల్పొన్ అత్తగారేనా?"

బురుల్ గొంతు సర్దుకుంది. "అవునండీ. మా పిల్ల మీ ముందు—"

"మీ పిల్ల బాగా మాట్లాడింది. ఇరవై రెండేళ్లుగా నేనీ పరీక్ష పెడుతున్నాను. వాళ్లు ఒక వాక్యం అంటుంటే తర్వాతి వాక్యం నాకు ముందే తెలిసిపోతుంది. తర్వాతేమంటారో తెలియకుండా నేను కూర్చుని విన్నది మీ కోడల్నొక్కదాన్నే. అది చెప్పడానికే చేశాను."

బురుల్ నిటారుగా నిలబడింది. "మరి అంత బాగా మాట్లాడితే సంతకం పెట్టెయ్యొచ్చుగా?"

"పెట్టను."

"మా ఆచారం మీకు తెలియక—"

"నాకు తెలుసండీ. అరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను. మా పక్కింటి కోడలు వాళ్ల బావగారి పేరులో ఉందని 'కత్తి' అనకుండా నలభై ఏళ్లు కూరలు తరిగింది. నాకెవరూ చెప్పక్కర్లేదు."

"తెలిసీ అడిగారా?"

"అడగాలి. రేపు ఆ అమ్మాయి ఏ దేశంలో నిలబడినా మొదట అడిగేది అదే. ఈ అంకెలు ఎవరివి? అప్పుడు గోడ గడియారం వింటూ నిలబడుతుందా?"

"కాగితం మీద రాసింది కదమ్మా. పేరు రాయడానికి తప్పు లేదు మాకు."

"రాసింది. రెండో పేజీలో మొట్టమొదటి పేరు అదే. చూశాను. కానీ నేను పెట్టేది మాట్లాడే పరీక్ష." అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "పోనీలెమ్మని నేను దాటేస్తే, ఆయన పేరు దాటేసినవాళ్ల వరసలో నేనూ చేరతాను. ఆ వరస ఇప్పటికే పెద్దది. నేను చేరను."

"ఎవరు దాటేశారు?"

"మీవారిని అడగండి."

ఫోన్ పెట్టేశారు. బురుల్ రిసీవర్ దాని చోట పెట్టింది.

"ఏమందత్తయ్యా?"

"నువ్వు బాగా మాట్లాడావంది," అని మాత్రం చెప్పి, బురుల్ పిండి డబ్బా దించింది. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆమె పిండి కలుపుతుంది. ఇప్పుడు ఏ పిండి కలుపుతోందో చోల్పొన్‌కి అర్థం కాలేదు.

పదకొండింటికి ఆడబిడ్డ గుల్‌బార్చిన్ వచ్చింది. కొండలెక్కే విదేశీయులకి దారి చూపడం ఆమె ఉద్యోగం. ఇంట్లో ఇంగ్లీషు ధారాళంగా వచ్చింది ఆమెకే. వస్తూనే బల్ల మీది తల్లి కళ్లద్దాలు తీసి ముక్కు చివర పెట్టుకుని, కుర్చీ గోడకి జరుపుకుని కూర్చుంది.

"నేను రోజా పెత్రోవ్నాని. నిలబడమ్మాయ్!"

"నీ వేషాలు తర్వాత గుల్‌బార్చిన్," అంది చోల్పొన్.

"వేషం కాదు వదినా, సాధన. మా గుంపులో ఒక జర్మన్ ముసలాయన ఉండేవాడు. వాగు దాటే ముందు ఒడ్డు మీదే పదిసార్లు దాటి చూసేవాడు. పదకొండోసారి నిజంగా దాటాడు."

"తడవకుండానా?"

"నడుం దాకా తడిశాడు. కానీ దాటాడు. లే!"

చోల్పొన్ లేచి నిలబడింది. చేతులు ముందుకు కట్టుకుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత వేగంగా. కోక్-తోర్ ఎక్కడుందో, కర్రలెన్నో, ఏడో నంబరు కర్ర దగ్గర మాత్రం అంకెలు ఎందుకు వేరుగా ఉంటాయో. పిండి కలుపుతూ బురుల్ వింటోంది. ఒక్క ముక్క తెలియదు. కానీ కోడలు ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. ఇంట్లో తలొంచుకుని 'సరే అత్తయ్యా' అనే పిల్ల ఇలా చేతులు తిప్పుతూ, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడగలదని ఆమెకి ఈ ఆరేళ్లలో తెలియదు.

"ఏం చెప్తోందే?" అని కూతుర్ని అడిగింది.

"నాన్న డెబ్బై రెండులో మంచు తుపాను వచ్చినా ఏడో కర్ర దగ్గరికి వెళ్లి కొలిచి వచ్చారట. ఆ ఒక్క అంకె లేకపోతే ఈ లెక్కంతా తెగిపోయేదట."

"డెబ్బై రెండులోనా? మంచుకి రెండు వేళ్ల చివరలు పోగొట్టుకుని వచ్చారు. గొర్రెలు తప్పిపోతే వెతికానన్నారు నాతో."

"గొర్రెలా? స్టేషన్‌లో గొర్రెలెక్కడివి అమ్మా?"

బురుల్ పిండిని మళ్లీ గట్టిగా పిసికింది.

గుల్‌బార్చిన్ కళ్లద్దాలు సవరించుకుని ఇంగ్లీషులో అడిగింది. ముప్పై ఒక్క వేసవుల కొలతలు ఎవరివి?

"మా ఆయన నాన్నగారివి."

"పేరు?"

చోల్పొన్ పెదవులు కదిలాయి. కెటిల్ మూత టపటపలాడింది. గుల్‌బార్చిన్ కళ్లద్దాలు తీసేసింది.

వసారా తలుపు తెరుచుకుంది. మామగారు లోపలికి వచ్చారు. ఇంగ్లీషు ఆయనకీ రాదు. కానీ మాటలు ఎక్కడ ఆగిపోయాయో విన్నారు.

"ఇక్కడేనా?" అన్నారు.

"ఇక్కడే మామయ్యా," అంది చోల్పొన్ నేల చూస్తూ.

"ఏమడిగింది?"

"కొలతలు ఎవరివని."

"ఏం చెప్పావు?"

"మా ఆయన నాన్నగారివని."

"చాలదట నాన్నా," అంది గుల్‌బార్చిన్. "ఎవరి నాన్నో ఒకాయనట! పేరు కావాలట."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెక్కిన పెన్సిల్ బల్ల మీద పెట్టారు. బురుల్ పిండి చేతులతోనే ఆయన ముందుకు వచ్చింది.

"ఆ చోయ్ ఏదో అంది. మీ పేరు దాటేసినవాళ్ల వరసుందట. ఎవరు వాళ్లు?"

"ఎవరూ లేరు."

"నలభై నాలుగేళ్ల నుంచి మీ అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలుసు. గొర్రెల్ని వెతికిన అబద్ధం కూడా ఇప్పుడే తెలిసింది. చెప్పండి."

ఆయన పెన్సిల్‌ని అటూ ఇటూ దొర్లించారు. కుడి చేతికి రెండు వేళ్ల చివరలు లేవు.

"డెబ్బై తొమ్మిదిలో పుస్తకం ఒకటి వచ్చింది. పెద్దవాళ్లు రాశారు. నా నోటుబుక్కులు మూడు నెలలు తీసుకెళ్లి రాశారు. మనకో ప్రతి పంపారు."

"ఆకుపచ్చ అట్టదా? పాలగిన్నె కింద పెట్టేదాన్ని!"

"అదే. పెట్టనిచ్చాను."

"అందులో మీ పేరు లేదా?"

"ముందు నుంచి వెనక్కి చూశాను. వెనక నుంచి ముందుకి చూశాను. 'స్టేషన్ కొలతలు' అని ఉంది. స్టేషన్ కొలుస్తుందా? చివరి పేజీలో కృతజ్ఞతలున్నాయి. హెలికాప్టర్ నడిపినవాడి పేరుంది. వంటవాడు సాదిక్ పేరుంది."

"సాదిక్ పేరా? అన్నం మాడ్చేవాడు!"

"రోజూ మాడ్చేవాడు."

గుల్‌బార్చిన్‌కి నవ్వొచ్చింది. తల్లి మొహం చూసి మింగేసింది.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అంది బురుల్.

"ఏమని చెప్పను? ఇంట్లో ఎవరూ పలకని పేరు పుస్తకంలో లేదని ఇంట్లోవాళ్లకే చెప్పుకోనా?"

ఆ మాట ఆయన నిష్ఠూరంగా అనలేదు. ఉష్ణోగ్రత చదివినట్టు అన్నారు. అని, లేచారు.

"అమ్మాయ్, నేను ఎదురుగా ఉంటే నీకు కష్టం. నేను గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాను. చెప్పి చూడు."

వెళ్లారు. తలుపు పడింది.

చోల్పొన్ మళ్లీ నిలబడింది. చేతులు కట్టుకుంది. తలుపు వైపు చూడకూడదనుకుంది. చూసింది. మొదటి అక్షరం దగ్గర నాలుక పళ్లకి ఆనింది. అక్కడే ఆగింది.

"చెప్పు వదినా. గోడకి చెప్తున్నాననుకో."

"రావట్లేదు గుల్‌బార్చిన్. నేను కావాలని ఆపట్లేదు. రావట్లేదు."

బురుల్ చేతులకున్న పిండి రాల్చుకుంది. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది. తల మీది తెల్లగుడ్డ సరిచేసుకుంది. మూసి ఉన్న తలుపు వైపు తిరిగింది.

"తాష్తాన్‌బెక్," అంది.

గుల్‌బార్చిన్ కుర్చీలోంచి లేచి నిలబడింది. తండ్రి పేరు తల్లి నోట వినడం ఆమెకి ఇదే మొదటిసారి.

బురుల్ మళ్లీ అంది, ఈసారి ఇంటిపేరుతో కలిపి, బళ్లో హాజరు పిలిచినట్టు. "తాష్తాన్‌బెక్ జుమాలీవ్."

తలుపు అవతల బీరువా కిర్రుమంది.

"చూశావా, ఇంటికప్పు అలాగే ఉంది," అంది బురుల్ కోడలితో. గొంతు మామూలుగానే ఉంది గానీ చేతిలో గుడ్డ కిందపడింది. "మా అత్తగారు వింటే ఏమనేదో నాకు తెలియదు. పైకి పోయాక నేనే సమాధానం చెప్పుకుంటాను. నువ్వు రెండింటికి చెప్పుకో. ఆ హెలికాప్టర్ వాడి కన్నా తక్కువవాడా మన ఇంటాయన? ఆ సాదిక్ కన్నానా?"

"అత్తయ్యా..."

"ఏడవకు. ఏడిస్తే ఇంగ్లీషు మర్చిపోతావు. ఊఁ, చెప్పు. నేను విన్నాక వెళ్దువుగాని."

చోల్పొన్ ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

మామగారు నల్ల కోటు వేసుకున్నారు. తల మీద తెల్ల కల్పక్ టోపీ ఉంది. కాళ్లకి బూట్లున్నాయి. ఇంట్లో బూట్లేసుకుని ఆయన నడవడం ఎవరూ చూడలేదు. చంకలో మైనపు గుడ్డ అట్ట వేసిన నోటుబుక్కు ఉంది, మొదటిది, అరవై ఆరుది.

ఆయన భార్య వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆయనకి తెలిసినట్టుంది.

"పరీక్ష రెండింటికేగా? నేనూ వస్తాను."

గుల్‌బార్చిన్ కంగారుపడింది. "నాన్నా, తలుపు అవతల ఉంటేనే వదినకి మాట రాలేదు. మీరు హాల్లో ఎదురుగా కూర్చుంటే ఎలా? పోనీ, బయట వరండాలో కూర్చోండి. అయ్యాక పిలుస్తాం."

"ముప్పై ఒక్క ఏళ్లు బయటే ఉన్నాను," అన్నారాయన. "ఇవాళ ముందు వరసలో కూర్చుంటాను."

కోడలి వైపు తిరిగారు.

"ఆవిడ అడిగినప్పుడు నేను వినాలి అమ్మాయ్. నువ్వు చెప్పినా వింటాను. చెప్పకపోయినా వింటాను."

చోల్పొన్ గడియారం చూసింది. పన్నెండూ పది. ఆ పేరు ఇంకా ఆమె నాలుక మీదే ఉంది.